పడకగదికి ఎన్ని వాట్లు కావాలి?

తొలి జీతంతోనో, పూజా బోనసుతోనో ఇంటికి ఒక స్టీరియో తెచ్చుకోవాలన్న కోరిక మన కాలనీలలోని యువతీయువకులలో నేటికీ తగ్గలేదు. వేలకొలది పాటలు జేబులోని ఫోనులోనే లభిస్తున్నప్పటికీ, రెండు స్పీకర్లకు ఎదురుగా కూర్చొని విన్నప్పుడు గాయకుని కంఠం నడుమనుండి, వయొలిన్ ఒక ప్రక్కనుండి, మృదంగం మరొక ప్రక్కనుండి వినవచ్చే ఆనందం వేరు. అయితే దుకాణంలో అడుగుపెట్టగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎన్ని వాట్లు?" అన్నదే. ఈ ప్రశ్నకు సమాధానం అట్టపెట్టె మీద దొరకదు. మన గదిని, మన స్పీకర్లను బట్టి లెక్క వేసుకోవలసి ఉంటుంది.

ఆ లెక్క కష్టమైనది కాదు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల సాధారణమైన పడకగదిని తీసుకుందాం. ప్రతి స్పీకరుకు సెన్సిటివిటీ అనే ఒక గుణం ఉంటుంది. ఒక వాట్ విద్యుత్తు అందినప్పుడు ఒక మీటరు దూరంలో అది ఎంత ధ్వనిని ఇస్తుందో ఆ సంఖ్య తెలుపుతుంది. చిన్న స్పీకర్లకు ఇది ఇంచుమించు 86 డెసిబెల్స్ ఉంటుంది. మంచం మీద కూర్చున్న శ్రోతకు, దూరం వలన కలిగే నష్టం పోగా, రెండు స్పీకర్లు, గోడల ప్రతిధ్వని కలిసి సుమారు 84 డెసిబెల్స్ చేరుతాయనుకుందాం. ఇంటిలో హాయిగా వినడానికి 70 డెసిబెల్స్ చాలు. దానికి కావలసిన శక్తి ఒక వాట్‌లో పాతికవ వంతు మాత్రమే. తనియావర్తనంలో మృదంగపు దెబ్బ వంటి ఆకస్మికమైన ఉధృతికి మరొక 20 డెసిబెల్స్ అవకాశం విడిచిపెట్టినా నాలుగు వాట్లతో సరిపోతుంది. కనుక ఒక్కొక్క స్పీకరుకు ఇరవై నుండి ముప్పై వాట్ల నిజమైన శక్తి గల యాంప్లిఫయరు పడకగదికి పుష్కలం.

వాట్లను రెట్టింపు చేస్తే ధ్వని రెట్టింపు అవుతుందన్నది భ్రమ. ఇరవై వాట్లను నలభై చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి ధ్వని రెండింతలుగా తోచాలంటే శక్తి పదింతలు కావాలి. అందువలన ఇరవై వాట్ల సాధనానికి బదులు నలభై వాట్లది కొనడానికి వెచ్చించే అదనపు సొమ్ముకు తగిన ఫలం గదిలో కనబడదు.

"నిజమైన శక్తి" అని ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. పెట్టె మీద పి.ఎం.పి.ఓ. పేరుతో వేయి, రెండువేల వాట్లు ముద్రించే అలవాటు మన బజారులో చిరకాలంగా ఉన్నది. ఆ సంఖ్యను లెక్కించడానికి నియమబద్ధమైన ప్రమాణం లేదు. చూడవలసినది ఆర్.ఎం.ఎస్. అంకె. అదీ నమ్మదగినదో కాదో తెలియడానికి సాధనం వెనుకనున్న పలకను, లేదా దానితో ఇచ్చిన అడాప్టరును చదవండి. అడాప్టరు 19 వోల్టులు, 3 ఆంపియర్లు అయితే లోపలికి నిలకడగా ప్రవేశించే శక్తి 57 వాట్లు. నేడు చిన్న యాంప్లిఫయర్లలో విరివిగా వాడుతున్న క్లాస్ డి పద్ధతిలో దానిలో 90 శాతం వరకు స్పీకర్లకు చేరవచ్చు. పాత క్లాస్ ఏబీ పద్ధతిలో ఇంకా తక్కువ. ఏ పద్ధతిలోనైనా లోపలికి వచ్చిన దానికంటె ఎక్కువ శక్తి నిలకడగా బయటకు పోజాలదు.

ఇక ఎక్కడ కొనాలన్న విషయం. కోల్‌కతాలో నివసించే మన తెలుగు కుటుంబాలకు ఖిదిర్‌పూర్ సుపరిచితం. 1890ల తొలినాళ్ళలో అక్కడ డాక్ ఏర్పడింది. సమీపంలోని గార్డెన్ రీచ్ బెంగాల్ నాగపూర్ రైల్వేకు కేంద్రస్థానమైంది. 1991 ఆర్థిక సంస్కరణలకు పూర్వం, దిగుమతి సుంకాలు భారీగా ఉన్న కాలంలో, విదేశీ వస్తువు కావలసినవారు ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్ దారి పట్టేవారు. స్వదేశీ స్టీరియో కోరేవారికి 1970లో ఈ నగరంలోనే ఆరంభమైన సోనోడైన్ వంటి సంస్థలు ఉండేవి.

ఇట్టి మార్కెట్లలో విదేశీ యాంప్లిఫయరు చవకగా కంటబడినప్పుడు ధరకంటె ముందు అడుగవలసినది వోల్టేజి. జపానులో గృహ విద్యుత్తు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దేశంలో 230. జపాను కొరకు తయారైన సాధనాన్ని నేరుగా మన ప్లగ్గులో పెడితే దాని ట్రాన్స్‌ఫార్మరు కోర్ సంతృప్తమై, విపరీతమైన కరెంటు ప్రవహిస్తుంది. అదృష్టం ఉంటే ఫ్యూజు పోతుంది. లేకుంటే చుట్ట కాలిపోతుంది, నిప్పు అంటుకోవచ్చు కూడా. ఇది పిల్లలు నిద్రించే గది అన్న సంగతి మరువరాదు. ఇటువంటి సాధనానికి తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు విడిగా కొనవలసి ఉంటుంది. దాని ఖరీదును కలిపి చూస్తే చవక బేరం చవకగా ఉండకపోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గు గల సాధనానికి ఎర్తింగు తప్పనిసరి. ఆ పిన్నును విరిచి వాడడం ప్రాణాపాయం.

పాత సాధనం కొనేటప్పుడు మూడు పరీక్షలు చేయండి. వాల్యూమును సున్నాలో ఉంచినప్పుడు స్పీకరులో గట్టిగా గుంయ్‌మన్న రొద వస్తే ఫిల్టర్ కెపాసిటర్లు క్షీణించి ఉండవచ్చు. వాల్యూము మీటను త్రిప్పినప్పుడు బరబర శబ్దం వస్తే అది సాధారణంగా దుమ్ము; శుభ్రం చేయిస్తే పోతుంది. మూడవది అతి ముఖ్యం. స్పీకరు తీగలు తీసివేసి, పాట ఆపి, ఆ చివరల మధ్య మల్టీమీటరుతో డి.సి. కొలవండి. 50 మిల్లీవోల్టులకు లోపల ఉంటే మేలు. వోల్టులలో చూపితే కొనవద్దు. అది మీ స్పీకర్లను కాల్చివేయగలదు. స్పీకరు వెనుక వ్రాసిన ఓమ్‌లను కూడా చూడండి. ఎనిమిది ఓమ్‌లకు మాత్రమే ఉద్దేశించిన యాంప్లిఫయరుకు నాలుగు ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే కరెంటు రెండింతలై అది వేడెక్కిపోతుంది.

కేటాయించిన సొమ్ములో సగానికి పైగా స్పీకర్లకే ఖర్చు చేయడం మంచిది. వాట్లలో మిగిల్చినది స్పీకర్లకు పనికివస్తుంది. దుకాణదారు బాస్ పెంచి, హోరెత్తించి వినిపిస్తాడు. మీరు బాస్, ట్రెబుల్ మీటలను మధ్యకు త్రిప్పి, మీకు బాగా తెలిసిన ఘంటసాల పాటనో, బాలమురళీకృష్ణ కచేరీనో చిన్న ధ్వనితో వినండి. మెల్లగా వినిపించినప్పుడు కూడా తంబురా శ్రుతి, ఒత్తులు, పొల్లులు స్పష్టంగా తెలిస్తే అది పడకగదికి తగిన సాధనం.

కోల్‌కతా ఉక్కబోతలో యాంప్లిఫయరును బీరువాలో బిగించక, పైన నాలుగంగుళాల ఖాళీ ఉంచండి; నడుస్తుండగా గుడ్డ కప్పకండి. మన క్వార్టర్ల గోడలు పలుచన. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు పరిమితి 45 డెసిబెల్స్. ప్రక్కింటిలో రాత్రి డ్యూటీకి పోవలసినవారు పగలు కూడా నిద్రిస్తుంటారు. కనుక హెడ్‌ఫోను సాకెట్టు ఉన్న సాధనాన్నే ఎంచుకోండి. వందల వాట్లకు పెట్టే సొమ్ముకంటె ఆ చిన్న రంధ్రానికి పెట్టే సొమ్ము మీ ఇంటికీ, ఇరుగుపొరుగుకూ ఎక్కువ మేలు చేస్తుంది.