శాంపిల్ ఒకటి... సరుకు ఇంకొకటి కాకుండా!

ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో పత్తి బండి ఆగగానే రైతు చూసేది కాంటా వైపు కాదు, తేమ యంత్రం వైపు. ఆ చిన్న యంత్రం చూపే అంకెను బట్టే ఏడాది కష్టానికి వెల. ఎనిమిది శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర. పన్నెండు దాటితే సీసీఐ కొనదు. ఆ మధ్యలో ఉంటే పెరిగే ఒక్కో శాతానికీ ధరలో ఒక్కో శాతం కోత. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. అంటే యంత్రం ఒక్క శాతం ఎక్కువ చూపినా క్వింటాలుకు రూ.81.10 పోయినట్టే. ఇరవై క్వింటాళ్లు తెచ్చిన రైతుకు అది రూ.1,622. కరీంనగర్ వైపు వడ్ల రైతుదీ ఇదే గోస. అక్కడ గీత 17 శాతం దగ్గర ఉంటుంది.

ఈ మధ్య జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి ఓ కుర్రాడు ఫోన్ చేశాడు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాడు. బండి కట్టకముందే రైతు ఇంటి దగ్గరే తేమ చూసుకునే చిన్న యంత్రం తయారు చేశాడట.

‘‘సార్, మిషిన్ మంచిగనే పనిచేస్తుంది. వెయ్యి పీసులు చేపియ్యాలె. చైనాల చవుక అంటున్నరు. గానీ ఎవర్ని నమ్మాలెనో తెలుస్తలేదు. నాయిన ఎకరం అమ్ముతా అంటున్నడు’’ అన్నాడు.

ఆ చివరి మాట వినగానే మనసు చివుక్కుమంది. అందుకే ఈ వారం ఈ ముచ్చట.

ముందు ఇంట గెలవండి

తడి ఉన్నచోట కరెంటు సులువుగా పారుతుంది, ఎండిన చోట పారదు. తేమ యంత్రాల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే. గింజనో, పత్తినో ఓవెన్‌లో ఆరబెట్టి, తగ్గిన తూకాన్ని లెక్కగట్టి, ఆ లెక్కతో యంత్రం అంకెను సరిచూడాలి. ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఒక శాతం తేడాను మించని రెసిస్టర్ పెట్టమని మీరు రాసిస్తే, ఫ్యాక్టరీ వాడు నాలుగు పైసల ఆదా కోసం ఐదు శాతం తేడా ఉన్నది పెట్టాడనుకోండి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అంకె మాత్రం తప్పుతుంది. టార్చిలైటు చెడిపోతే ఆ రాత్రికి చీకటి. తేమ యంత్రం తప్పు చెబితే రైతు ఇంటికి నష్టం.

కాబట్టి విదేశం మాట ఎత్తకముందే ఏ విడిభాగం, ఏ కంపెనీది, ఏ నంబరుది, ఎన్ని అని పూర్తి జాబితా రాసుకోవాలి. ఎంత వేడిలో పనిచేయాలి, ఎంత ఎత్తు నుంచి పడితే తట్టుకోవాలి, అంకెలో ఎంత తేడా వరకు ఒప్పుకుంటాం అన్నది కూడా రాతలో ఉండాలి. నమూనాకు మెరుగులు దిద్దుకోవడానికి హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ ఉంది. 1967లో ఈసీఐఎల్ వచ్చాక కుషాయిగూడ, చర్లపల్లి చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన చిన్న యూనిట్లూ పుట్టుకొచ్చాయి. మొదటి వంద పీసులు అక్కడే చేయించండి. ధర కాస్త ఎక్కువే పడొచ్చు. కానీ తప్పు దొరికితే పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రానికి సరిచేయించుకుని రావచ్చు.

మన దగ్గర పెద్ద ఉదాహరణ సెల్‌కాన్. 2009లో హైదరాబాద్‌లో మొదలైన ఈ మొబైల్ కంపెనీ మొదట్లో ఫోన్లను చైనాలో చేయించి తన పేరుతో అమ్మింది. 2015లో మేడ్చల్‌లో సొంత ప్లాంటు పెట్టింది. విదేశంలో చేయించడం తప్పేమీ కాదు. తెలిసి చేయించాలి, అంతే.

ఫ్యాక్టరీయా? దళారా?

ఇంటర్నెట్‌లో వెతికితే తేమ యంత్రాలు చేస్తామనే వాళ్లు వందల్లో కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి ఫ్యాక్టరీ ఉండదు. మన దగ్గర ఆర్డరు తీసుకుని మరొకరికి ఇస్తారు. దళారి అన్నవాడు చెడ్డవాడని కాదు. చిన్న ఆర్డరుకు ఒక్కోసారి వాడే దిక్కు. కానీ ఆ సంగతి ముందే తెలియాలి.

చైనాలో ప్రతి కంపెనీకీ ప్రభుత్వం ఇచ్చే 18 అక్షరాల రిజిస్ట్రేషన్ కోడ్ ఉంటుంది. ఆ లైసెన్సు కాపీ అడగండి. అందులో వ్యాపార పరిధి అని ఒక గడి ఉంటుంది. అక్కడ ‘తయారీ’ అని ఉందా, వట్టి ‘వ్యాపారం’ అని ఉందా చూడండి. లైసెన్సు మీది పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటే కావాలి. సొంత వ్యక్తి ఖాతాకు పంపమన్నా, ఉన్నట్టుండి ఖాతా మారిందని మెయిల్ వచ్చినా పైసా పంపొద్దు. ముందు నుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి. వీడియో కాల్‌లో ఫ్యాక్టరీ అంతా చూపించమనండి. కుదిరితే గ్వాంగ్‌జౌలో 1957 నుంచి జరుగుతున్న కాంటన్ ఫెయిర్‌కు వెళ్లిరండి. ఏటా వసంతంలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి జరుగుతుంది. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నాలుగడుగులు నడిపిస్తాం. వేల మైళ్ల అవతలి ఫ్యాక్టరీని ఫొటో చూసి నమ్ముతామా?

మొలక పరీక్ష

విత్తనాన్ని తడి గోనెలో కట్టి మొలక చూడనిదే మన పెద్దలు చేలో చల్లేవారు కాదు. ఇక్కడా అదే పద్ధతి. ముగ్గురు తయారీదారుల దగ్గర శాంపిళ్లు తెప్పించండి. ఎండలో పెట్టండి, కింద పడేయండి, పది మంది రైతుల చేతికివ్వండి. నచ్చినదాన్ని రెండు పీసులు సీలు వేసి సంతకాలు చేసి ఒకటి మీ దగ్గర, ఒకటి వారి దగ్గర ఉంచండి. రేపు తగాదా వస్తే అదే సాక్షి. మీ అనుమతి లేకుండా ఒక్క విడిభాగం కూడా మార్చకూడదని, ప్లాస్టిక్ డబ్బా అచ్చుకు డబ్బు మీరిస్తే ఆ అచ్చు మీదేనని ఒప్పందంలో రాయించండి.

మంచి శాంపిల్ పంపడం ఎవరికైనా చేతనవుతుంది. వెయ్యో పీసు కూడా అలాగే ఉండాలి. ఓడ ఎక్కకముందే సరుకు చూసిపెట్టే తనిఖీ సంస్థలు ఉన్నాయి. సాధారణంగా పాటించే లెక్క ప్రకారం వెయ్యి పీసుల్లో 80 తీసి చూస్తారు. పెద్ద లోపాలకు మామూలుగా పెట్టే హద్దు ఐదు. ఆరో పీసు చెడ్డదని తేలితే మొత్తం సరుకు వెనక్కే.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి?

ఈ వ్యాపారంలో ఎక్కువగా నడిచే పద్ధతి 30 శాతం అడ్వాన్సు, తనిఖీ అయ్యాక మిగతా 70 శాతం. మొత్తం ముందే పంపమంటే దండం పెట్టేయండి. పెద్ద మొత్తమైతే బ్యాంకు ద్వారా లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరవొచ్చు. అయితే ఒక్క సంగతి మరవద్దు. బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. పెట్టెలో ఇటుకలున్నా కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు వెళ్లిపోతుంది. అందుకే ఆ కాగితాల్లో తనిఖీ సర్టిఫికెట్ కూడా ఉండాలని షరతు పెట్టండి.

చైనా ధర చూసి మురిసిపోకండి. ఓడ కిరాయి, బీమా, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ, హైదరాబాద్ దాకా రవాణా, చెడిపోయే పీసులు అన్నీ కలిపి లెక్కవేయండి. వెయ్యి పీసులకు కొన్నిసార్లు చర్లపల్లే చవక అని తేలొచ్చు.

మన కాగితాలు, వాళ్ల పండుగలు

దిగుమతికి డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ నంబరు కావాలి. యంత్రంలో బ్లూటూత్ పెడితే డబ్ల్యూపీసీ అనుమతి, లిథియం బ్యాటరీ పెడితే దానికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. కిరాణా కొట్టులో దొరికే పెన్సిల్ సెల్స్‌తో నడిచేలా చేస్తే బ్యాటరీ తలనొప్పి తప్పుతుంది. కొలిచే యంత్రం కాబట్టి తూనికలు, కొలతల శాఖను కూడా ముందే కలవండి. డిజైన్ ఎవరికైనా చూపకముందే ఇక్కడ పేటెంటుకు దరఖాస్తు పెట్టండి. చైనాలో ముందు రిజిస్టరు చేసుకున్నవాడిదే పేరు. అక్కడ చేయించేటట్లయితే మీ బ్రాండు పేరును అక్కడా రిజిస్టరు చేయించండి.

క్యాలెండరు కూడా ముఖ్యమే. చైనాలో కొత్త సంవత్సరానికి జనవరి, ఫిబ్రవరిల్లో ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. అక్టోబరు మొదటి వారంలోనూ సెలవులే. మన పత్తి దసరా, దీపావళి నాటికి మార్కెట్‌కు రావడం మొదలవుతుంది. సెప్టెంబరుకు సరుకు చేతిలో ఉండాలంటే వేసవి మొదట్లోనే ఆర్డరు పెట్టాలి. సంక్రాంతికి చేరిన యంత్రం ఆ ఏటికి ఎవరికి పనికొస్తుంది?

ఇదంతా చెప్పాక కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘అయితే ఎకరం అమ్మొద్దా సార్?’’ అన్నాడు.

అమ్మొద్దు బాబూ. ముందు వంద పీసులు చెయ్యి. నీ ఊరి రైతులు ఒక సీజన్ వాడనీ. నీ యంత్రం ఇంటి దగ్గర చూపిన అంకె, యార్డులో చూపిన అంకె ఒకటే అయితే వెయ్యి పీసులకు అప్పు అడగడానికి బ్యాంకులో నీకు ఒక మాట ఉంటుంది. రెండూ కలవకపోతే ఎక్కడ తప్పిందో వెతకడానికి నాయిన ఎకరం ఇంకా మిగిలే ఉంటుంది.