సెక్షన్ 61ను ఎవరు నేర్పుతారు?

విపత్తు సహాయక చర్యలపై రెవెన్యూ సిబ్బందికి జరిగిన ఒక శిక్షణలో గంటసేపు మాట్లాడమని నన్ను పిలిచారు. బల్లల మీద మ్యాపులు, తాళ్లు, లైఫ్ జాకెట్లు ఉన్నాయి. నాకంటే ముందు మాట్లాడినవారు ఉపగ్రహ చిత్రాల గురించి చక్కగా వివరించారు. నా వంతు రాగానే ఒకే ప్రశ్న అడిగాను. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని సెక్షన్ 61ను చదివినవారు ఉన్నారా? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. కాసేపటికి ఒక యువ అధికారి నవ్వుతూ అన్నారు: "వరదకు కులం ఉండదు కదండీ."

ఆ సెక్షన్ ఒక్క వాక్యమే. బాధితులకు పరిహారం, సహాయం అందించేటప్పుడు లింగం, కులం, సమూహం, పుట్టుక, మతం ఆధారంగా వివక్ష చూపరాదు. ఉల్లంఘిస్తే శిక్ష ఏమిటో ఆ సెక్షన్ చెప్పదు. కాబట్టి అది అమలు కావాలంటే సిబ్బందికి నేర్పడమే ప్రధాన మార్గం.

ఈ చట్టం సునామీ వచ్చిన మరుసటి ఏడాది వచ్చింది. 2004 డిసెంబరు 26 తర్వాత నాగపట్నం తీరంలోని సహాయ శిబిరాల్లో దళితులను వేరుగా ఉంచారని, తాగునీటి ట్యాంకుల దగ్గరికి రానివ్వలేదని పత్రికలు, హక్కుల సంఘాలు అప్పట్లోనే నమోదు చేశాయి. బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టింది 1927లో. 77 ఏళ్ల తర్వాత, సముద్రం అందరి ఇళ్లనూ ఊడ్చేశాక కూడా, నీటి దగ్గర కాపలా పోలేదు.

వరదకు కులం ఉండదన్న మాటా పూర్తిగా నిజం కాదు. మన ఊళ్లలో మాలపల్లి, మాదిగగూడెం ఎక్కడున్నాయో చూడండి. చాలాచోట్ల పల్లంలో, చెరువు కింద, కాలువ గట్టు మీద ఉంటాయి. నీళ్లు ముందు అక్కడికే వస్తాయి, ఆఖరున అక్కడినుంచే పోతాయి. పంట నష్టం లెక్క పట్టా ఉన్న పేరుతో మొదలవుతుంది. కాగితం లేని కౌలుదారు పేరు ఎక్కడ రాయాలి? చేను మునిగి నెల రోజుల కూలి పోగొట్టుకున్న మహిళ పేరు ఏ కాలమ్‌లో రాయాలి? జాబితా రాసే ఉద్యోగికి ఈ ప్రశ్నలు తట్టాలంటే ఎవరో ఒకరు ముందే నేర్పి ఉండాలి.

టీ విరామంలో ఒక గ్రామ రెవెన్యూ అధికారి నన్ను పక్కకు పిలిచారు. "ఓ తుపానప్పుడు బడిలో పునరావాస కేంద్రం పెట్టాం సార్. పేటవాళ్లతో కలిసి తినేది లేదని ఊరివాళ్లు మొండికేశారు. గొడవవుతుందని రెండు పొయ్యిలు పెట్టించాను. తప్పని తెలుసు. ఆ రాత్రి ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు." ఆయన మీద నాకు కోపం రాలేదు. కానీ జరిగిందేమిటి? ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ బియ్యంతో, ప్రభుత్వ ఉద్యోగి చేతే కులం తన కట్టడిని అమలు చేయించుకుంది.

శిక్షణ ఎవరికి అందుతోందన్నది మరో ప్రశ్న. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇతర పట్టణాల నుంచి పారిశుద్ధ్య కార్మికులను తెచ్చి బురద తీయించారు. ఆ పని చేసేవారిలో ఎక్కువమంది ఏ కులాల వారో చెప్పనక్కర్లేదు. విపత్తు సిబ్బంది అంటే వారు కూడా. సర్టిఫికెట్లు అందుకునే వరుసలో మాత్రం వారు కనపడరు.

శిక్షణ మాడ్యూళ్లు తయారుచేసే బాధ్యతను ఈ చట్టంలోని సెక్షన్ 42 నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌పై పెట్టింది. ఆ సంస్థ దక్షిణ భారత క్యాంపస్ 2025 జనవరిలో గన్నవరం దగ్గర కొండపావులూరులో ప్రారంభమైంది. మంచిదే. ఆ సంస్థనూ, రాష్ట్రాల శిక్షణా కేంద్రాలనూ మనం అడగాల్సినవి నాలుగు. సెక్షన్ 61ను మొదటి రోజే, జరిగిన ఘటనలతో సహా బోధించాలి. శిక్షణలో ఒక రోజు తరగతి గదిలో కాక పేటలో గడవాలి. పారిశుద్ధ్య కార్మికులకు, కాంట్రాక్టు సిబ్బందికి కూడా జీతంతో కూడిన శిక్షణ, రక్షణ పరికరాలు ఇవ్వాలి. ప్రతి విపత్తు తర్వాత సహాయం ఎవరికి అందిందో కులాలవారీగా లెక్క తీసి, దాన్నే తర్వాతి శిక్షణకు పాఠంగా పెట్టాలి. ఆపద మిత్ర పథకం 350 జిల్లాల్లో లక్షమంది వాలంటీర్ల శిక్షణ కోసం పెట్టుకున్నది. వారిలో పేటల యువత ఎంతమందో కూడా ఆ లెక్కలోనే తేలాలి.

విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాలు, ప్రభుత్వ పాలన చదువుతున్న మిత్రులకు ఇది పరిశోధనాంశం. సమాచార హక్కు దరఖాస్తుతో మీ జిల్లా శిక్షణ పాఠ్యక్రమాన్ని, సహాయ జాబితాలను తెప్పించండి. పక్కపక్కన పెట్టి చదవండి.

వచ్చే తుపాను మన తీర్మానాల కోసం ఆగదు. ఆ రాత్రి బడి తాళం తీసే ఉద్యోగికి ఒకే పొయ్యి పెట్టాలని, అభ్యంతరం చెప్పేవారికి ఏం చెప్పాలో, తన వెనక చట్టం ఉందని ముందే తెలిసి ఉండాలి.