మహిళల బోగీ ఎక్కడిదాకా వస్తుంది?

ఢిల్లీ వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక వేళ రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్‌లో రైలు మారవలసి వస్తుంది. కన్నాట్ ప్లేస్ పార్కు అడుగున, నేల లోపల, పసుపు లైనూ నీలం లైనూ ఒకదానికింద ఒకటి కలిసే చోటు అది. సాయంత్రం ఆరు గంటలకు అక్కడ మనం నడవనక్కర లేదు, జనమే తోసుకుపోతారు. ఆ తొక్కిడిలో ప్లాట్‌ఫాం చివర గులాబీ రంగు బోర్డు కనబడగానే ప్రాణం లేచి వస్తుంది. రైలు వెళ్ళే దిశలో మొదటి బోగీ స్త్రీలది. 2010 అక్టోబరు నుంచి ఈ ఏర్పాటు ఉంది. స్త్రీలను విడిగా కూర్చోబెట్టడమే పరిష్కారమనే ఆలోచనకు సిద్ధాంతరీత్యా నేను వ్యతిరేకిని. అయినా సూటిగా ఆ బోగీ దగ్గరికే వెళ్తాను. మోచేతులు అడ్డం పెట్టుకోకుండా నిలబడగలిగిన ఇరవై నిమిషాల విలువ ఏమిటో, సిటీ బస్సుల్లో కాలేజీకి వెళ్ళిన ఏ స్త్రీకీ వివరించనక్కర లేదు.

కాబట్టి నా అభ్యంతరం బోగీ మీద కాదు. ఆ బోగీని చూపించి స్త్రీల భద్రత అనే ప్రశ్నకు జవాబు చెప్పేశామనుకునే ధోరణి మీద.

2012 డిసెంబరు 16 రాత్రిని ఒకసారి మ్యాపు ముందు పెట్టుకుని చూద్దాం. ఆ యువతి, ఆమె స్నేహితుడు సాకేత్‌లో సినిమా చూసి ద్వారక వైపు వెళ్ళాలి. మెట్రోలో వెళ్ళాలంటే ఉత్తరాన రాజీవ్ చౌక్ దాకా వచ్చి, లైను మారి, మళ్ళీ నైరుతికి తిరిగి రావాలి. వాళ్ళు ఆటోలో మునిర్కా దాకా వచ్చి బస్సు కోసం నిలబడ్డారు. మునిర్కాకు మెట్రో వచ్చింది 2018లో. మెట్రో ఉంటే ఆ ఘోరం జరిగేది కాదని నేననడం లేదు, నేరం చేసినవాళ్ళదే నేరం. కానీ మొదటి బోగీ ఎంత భద్రంగా ఉన్నా, అది వెళ్ళని దారిలో స్త్రీ ఏది దొరికితే అది ఎక్కవలసిందేనని ఆ మ్యాపు చెబుతుంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా గుర్తుంచుకోదగ్గది. వేలాది మంది యువతులు ఇండియా గేట్ వైపు నడిచినప్పుడు, ఆ చుట్టుపక్కల మెట్రో స్టేషన్ల ద్వారాలు కొన్ని రోజుల పాటు మూసేశారు. వాటిలో రాజీవ్ చౌక్ కూడా ఉంది. స్త్రీకి బోగీలో చోటు ఇచ్చిన యంత్రాంగమే, ఆమె మెట్లెక్కి వీధిలోకి వచ్చి మాట్లాడబోతే గేటు వేసింది. రక్షణ పొందే స్త్రీ వేరు, హక్కు అడిగే స్త్రీ వేరు అన్నమాట!

ఇక చార్జీల సంగతి. 2017లో మే, అక్టోబరు నెలల్లో రెండుసార్లు పెంచడంతో గరిష్ఠ చార్జీ 30 రూపాయల నుంచి 60కి చేరింది. 2025 ఆగస్టులో 64 అయింది. 2023 చలికాలంలో ఆ స్టేషన్‌లో నేల తుడుస్తున్న ఒకామెను, ఇంటికి మెట్రోలోనే వెళ్తారా అని అడిగాను. "రోజూ ఇందులో పోతే జీతంలో ఏం మిగులుతుంది దీదీ? బస్సులో గులాబీ టికెట్టు ఇస్తారుగా" అని నవ్వింది. గులాబీ బోగీ శుభ్రంగా కనిపించడానికి పాటుపడే ఆమె గులాబీ టికెట్టు బస్సులో వెళ్తుంది. గంట ఎక్కువ పడుతుందట.

నిజానికి ఢిల్లీ ప్రభుత్వం 2019 జూన్‌లో స్త్రీలకు బస్సులతో పాటు మెట్రోలోనూ ఉచిత ప్రయాణం ప్రకటించింది. బస్సుల్లో ఆ ఏడాది అక్టోబరు 29 నుంచి అమలైంది, మెట్రోలో కాలేదు. ఢిల్లీ మెట్రోను నిర్మించిన ఇ. శ్రీధరన్ దాన్ని వ్యతిరేకిస్తూ ప్రధానికి లేఖ రాశారు. స్త్రీలకు ఇస్తే విద్యార్థులు, వికలాంగులు, వృద్ధులు కూడా అడుగుతారన్నది ఆయన వాదనల్లో ఒకటి. అడిగితే తప్పేమిటి?

ఈ వాదనలు మనకు కొత్తవి కావు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు, "పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు" అనే మాట ఎన్నిసార్లు విన్నాం! చదువుకున్నవాళ్ళ నోటా విన్నాం, మన ఇళ్ళలోనూ విన్నాం. ముంబయి స్త్రీలపై పరిశోధించి 2011లో 'వై లాయిటర్?' పుస్తకం రాసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడేలు అడిగింది ఈ ఊరికే తిరిగే హక్కునే. మగవాడు పాన్‌షాపు దగ్గర గంటసేపు నిలబడితే ఎవరూ లెక్క అడగరు. ఆడది బస్సెక్కితే ఏ పని మీదో చెప్పాలి.

మన సంస్థలు ప్రయాణాలపై సర్వేలు చేసినప్పుడు ఎక్కువగా బోగీ లోపలి సంగతులే అడుగుతాయి: వేధింపు జరిగిందా, సీటు దొరికిందా, ఫిర్యాదు చేశారా అని. నేనూ అలాంటి ప్రశ్నాపత్రాలు తయారు చేశాను. ఈసారి రాత్రి తొమ్మిది తర్వాత స్టేషన్ మెట్ల పైన నిలబడి, బయటికి వచ్చే స్త్రీలను ఇక్కడి నుంచి ఇంటికి ఎలా వెళ్తారు, దారిలో దీపాలున్నాయా, ఆటోకు ఎంత అవుతుంది అని అడుగుదాం. ఆ తర్వాత రోడ్డు దాటి బస్టాపుకు వెళ్ళి, మెట్లు దిగకుండానే మిగిలిపోయినవాళ్ళను కూడా అడగాలి.