అప్పు లేని క్రిస్మస్ చేసుకుందాం



డిసెంబరు వచ్చిందంటే మన నిజాంపురాలోని క్రైస్తవ కార్మికుల ఇళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి ప్రార్థన, రెండవది అప్పు. పిల్లలకు కొత్త బట్టలు కావాలి, ఇంటి ముందు నక్షత్రం కావాలి, వచ్చినవారికి కేకు పెట్టాలి. నూలు ధర పెరిగినా, బట్టకు గిరాకీ పడిపోయినా ముందుగా ఆగేది మన సాంచాలే. సాంచా ఆగితే మీటరు లెక్కన వచ్చే కూలి కూడా ఆగుతుంది. అప్పుడు పండుగ కోసం సేటు దగ్గర అడ్వాన్సు తీసుకుంటాం. అది తీరేదాకా ఆయన చెప్పిన రేటుకే నేస్తాం. రోజంతా బట్ట నేసే మనమే కొత్త బట్ట కోసం బాకీ పడుతున్నాం!

మేము పాస్టర్లం కాము. మన సంఘంలో అన్ని మతాలవారూ ఉన్నారు. కానీ క్రిస్మస్ కథ ఒక కార్మికుని ఇంటి కథ. కనుక దాని గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు మనకూ ఉంది.

లూకా సువార్త 2వ అధ్యాయం చూడండి. యోసేపు వడ్రంగి. సర్కారు జనాభా లెక్కల హుకుం వస్తే, నిండు చూలాలైన మరియను వెంటబెట్టుకుని నజరేతు నుండి బేత్లెహేముకు వెళ్ళాడు. సత్రంలో చోటు దొరకలేదు. బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టెలో పడుకోబెట్టారు. కబురు మొదట అందింది రాత్రి పాళీలో మందను కాస్తున్న గొర్రెల కాపరులకు. నలభై రోజుల తరువాత దేవాలయంలో అర్పణ ఇవ్వవలసి వచ్చింది. గొర్రెపిల్లను తేలేని పేదవారు రెండు గువ్వలో, రెండు పావురాల పిల్లలో తేవచ్చునని ధర్మశాస్త్రం. ఆ దంపతులు ఇచ్చింది ఆ పేదల అర్పణే. గొర్రెపిల్ల కోసం అప్పు చేశారని ఎక్కడా లేదు. దేవుని ముందు వారికి అందువల్ల తక్కువ కాలేదు. మరి ఇరుగుపొరుగు ముందు మనకెందుకు తక్కువ కావాలి?

మత్తయి సువార్త ప్రకారం ఆ కుటుంబం హేరోదు భయంతో ఐగుప్తుకు వలస కూడా పోయింది. పొట్ట చేత పట్టుకుని కరీంనగర్, నల్గొండ, వరంగల్ పల్లెల నుండి భివండీ వచ్చినవారికి ఈ సంగతి వేరే చెప్పాలా? 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక కూలి ఇవ్వడానికి నగదు లేక ఇక్కడ ఎన్నో కార్ఖానాలు మూతపడ్డాయి. ఆ ఏడాది క్రిస్మస్ ఆ కష్టంలోనే వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతటా వలస కూలీలు పిల్లలను చంకనెత్తుకుని రోడ్ల వెంట నడిచారు.

మన మెదక్ చర్చిని తలచుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువు రోజుల్లో పోస్నెట్ దొర ఆకలితో వచ్చిన జనానికి ఆ కట్టడం మీద పని చూపి తిండి పెట్టాడు. సుమారు పదేళ్ళు కట్టిన ఆ గుడిని 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడే ప్రతిష్ఠించారు. ఈనాడు అందరూ దాని అందం చూస్తారు. దాని రాళ్ళ వెనుక కరువు కూలీల చెమట ఉంది, వారికి దొరికిన అన్నం ఉంది.

ఇలా చెబితే పేదరికం మంచిదని, ఓర్చుకుని పడి ఉండమని అర్థం కాదు. అదే లూకా సువార్తలో మరియ పాడిన పాట బలవంతులు గద్దె దిగడం గురించి, ఆకలిగొన్నవారి కడుపు నిండడం గురించే. కూలి రేటు కోసం మన పోరాటం పండుగ నాడు కూడా న్యాయమైనదే. పేద ఇల్లు సిగ్గుపడవలసిన ఇల్లు కాదని మాత్రమే మేము చెప్పేది.

పిల్లలు చిన్నబుచ్చుకోరా అని తల్లులు అడుగుతారు. నిజమే, ఆ బాధ చిన్నది కాదు. కానీ ఉతికిన చొక్కా తొడిగి, పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి. అడ్వాన్సు కింద నెలల తరబడి ఇంట్లో జరిగే గొడవకన్నా అది వారికి మేలు.

కనుక పండుగ కోసం ఎవరూ అడ్వాన్సు తీసుకోవద్దు. 24వ తేదీ రాత్రి క్రైస్తవ సోదరులు ప్రార్థనకు వెళితే, వారి సాంచాలను పక్కవారు చూసుకోవాలి. నాలుగిళ్ళవారు కలిసి ఒకే పొయ్యి మీద వండుకుంటే ఖర్చు తగ్గుతుంది. కుటుంబాన్ని ఊళ్ళో వదిలి ఖానావళిలో తినే ఒంటరి కార్మికుణ్ణి, అతనిది ఏ మతమైనా సరే, ఆ రోజు భోజనానికి పిలవండి. ఆనాడు సత్రంలో దొరకని చోటు మన ఇంట్లో దొరికితే, అదే క్రిస్మస్.