మోకాలు వద్దంటే మరలి రావలసిందే

మనాలి నుంచి లేహ్ వరకు పర్వత మార్గంలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాలన్న ఉత్సాహం నేడు మన తెలుగు యువకులలోనూ కనిపిస్తున్నది. రోహతాంగ్ మీదుగా వెళితే సుమారు 470 కిలోమీటర్ల దారి. బారాలాచా, లాచులుంగ్ కనుమలు దాటి, 5,328 మీటర్ల ఎత్తున ఉన్న తంగ్లాంగ్ లా ఎక్కాలి. దేహదార్ఢ్యం గలవారు ఇటువంటి సాహసం చేయడం సంతోషమే. గాయపడిన తరువాత కూడా పూర్తి చేసి తీరాలన్న పట్టుదల మాత్రం నాకు సమ్మతం కాదు.

ఒక యువకుడు తండ్రిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చాడు. సర్చూ సమీపంలో రాళ్ళదారిపై పడగా కుడి మోకాలు బెణికి వాచింది. మిత్రులిచ్చిన నొప్పి మాత్రలు మింగుతూ మరి నాలుగు రోజులు తొక్కి లేహ్ చేరాడు. మూడు నెలలు గడిచినా మేడమెట్లు దిగలేకపోతున్నాడు. తండ్రిగారేమో, "అంత ఖర్చు పెట్టుకొని మధ్యలో ఎలా తిరిగి వస్తాడండీ?" అన్నారు. ఈ ధోరణి ఆ ఒక్క ఇంటిదే కాదు.

సుశ్రుతాచార్యుడు చెప్పిన 107 మర్మాలలో మోకాలిది జానుమర్మం. దానిని వైకల్యకర మర్మాలలో చేర్చి, దెబ్బతింటే కుంటితనం కలుగుతుందని హెచ్చరించాడు. వ్యాయామం శక్తిలో సగం మేరకే చేయాలనీ, నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చినదంటే ఆ సగం పూర్తయినట్లేననీ శాస్త్రం. తంగ్లాంగ్ లా వద్ద ఆ హద్దు దాటనివారెవరు? ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రమట్టాన అందేదానిలో సగానికి కొంచెమే ఎక్కువ. అలసిన కండరాలు కీలును సరిగా కాపాడలేవు. మాత్ర నొప్పిని మరుగుపరుస్తుందే గాని తెగిన స్నాయువును అతికించదు. ఆ మరుగున తొక్కే ప్రతి తొక్కూ గాయాన్ని పెంచుతుంది.

పైగా కేలాంగ్ దాటిన తరువాత లేహ్ సమీపించే వరకు చాలా దూరం గుడారాలే తప్ప పెద్ద ఆసుపత్రి లేదు. కనుక కేలాంగ్‌కు ముందే మోకాలు మొరాయిస్తే అక్కడితో ప్రయాణం చాలించాలి. ఆ పైన గాయపడితే సైకిలును ఏ లారీ మీదనో వేసుకొని, దగ్గరగా ఉన్న వైపుకు దిగిపోవాలి. గాయం లేకుండానే మోకాలి ముందుభాగం నొప్పిపెడుతుంటే సీటు ఎత్తు చూసుకోండి. సీటు మరీ కిందికి ఉండడం వలన కూడా అలా జరుగుతుంది.

ఇక ఇంటి వైద్యం. పిల్లవాడు ఇల్లు చేరగానే వేడి నూనెతో గట్టిగా మర్దించడం మన ఇళ్ళలో అలవాటు. తాజా వాపుపై అది తగదు. సుశ్రుతుడు సైతం భగ్న చికిత్సలో మర్రి మొదలైన చెట్ల కషాయాన్ని చల్లార్చి పోయమన్నాడు. ఇంట్లో చల్లటి నీటితో తడిపిన గుడ్డ చాలు. కాలు ఎత్తుగా పెట్టి విశ్రాంతి ఇవ్వాలి. వాపు పూర్తిగా తగ్గిన పిదప మహానారాయణ తైలాన్ని గోరువెచ్చగా, మృదువుగా రాయవచ్చు. కాలు మోపలేకపోయినా, కీలు మధ్యలో పట్టేసినా, మోకాలు ఆకారం మారినా తైలాల జోలికి పోక, అదే రోజు ఎముకల వైద్యునికి చూపించి ఎక్స్‌రే తీయించండి.