నది దాటి చదివితే నాన్‌లోకలా?

గద్వాల: కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ విద్యార్థుల స్థితి రెంటికీ చెడ్డ రేవడి చందంగా తయారైంది. పదవ తరగతి వరకు సొంత ఊళ్లో చదివి, ఇంటర్ రెండేళ్లు తుంగభద్ర వంతెన అవతల కర్నూలులో పూర్తిచేసిన విద్యార్థి, తీరా వైద్య కళాశాలలో సీటుకు దరఖాస్తు చేసుకునేసరికి తెలంగాణలో స్థానికుడు కాకుండా పోతున్నాడు. రెండేళ్ల చదువుతో ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికుడు కాలేకపోతున్నాడు. తాత ముత్తాతల భూమి ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే, ఓటు ఇక్కడే. పిల్లవాడు మాత్రం ఎక్కడివాడూ కాడు. ఇంతకంటే విచారకరమైన విషయం మరొకటి ఉండబోదు.

ఇది ఒకరిద్దరి సమస్య అని కొట్టిపారేయడానికి వీల్లేదు. అలంపురం, ఉండవల్లి, మానవపాడు, రాజోలి మండలాల ప్రజలకు కర్నూలు పరాయి ఊరు కాదు. జబ్బు చేస్తే కర్నూలు పెద్దాసుపత్రి, పెళ్లి బట్టలకు కర్నూలు బజారు, పంట అమ్మకానికి కర్నూలు మార్కెట్. పుల్లూరు దాటి వంతెన ఎక్కితే అవతల ఒడ్డే కర్నూలు. పిల్లవాడిని సైన్సు చదివించాలంటే తండ్రి చూపు ముందుగా అటే పోతుంది. దూరాన ఉన్న హైదరాబాదు హాస్టలులో వేయడం కంటే, సాయంత్రానికి ఇంటికి వచ్చే కర్నూలు కళాశాలలో చేర్చడం మేలని ఏ తల్లిదండ్రులైనా అనుకోవడం సహజం.

నిన్నటి హద్దు, నేటి హద్దు

ఈ ప్రాంతానికి హద్దులు కొత్త కావు. నిజాం కాలంలో గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు కర్ణాటకకు (అప్పటి మైసూరు రాష్ట్రానికి) పోగా, ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. నిన్నటి జిల్లా కేంద్రం మర్నాటికి పరాయి రాష్ట్రమైంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో కర్నూలు కూడా పరాయి రాష్ట్రమైంది. ఒకవైపు రాయచూరు, మరోవైపు కర్నూలు, రెండూ గద్వాలకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనివే. మన విశ్వవిద్యాలయమైన పాలమూరు యూనివర్సిటీ 2008లో మహబూబ్‌నగర్‌లో వెలసింది. గద్వాలకు అది ఈ రెండింటికంటే దూరం.

ఉమ్మడి రాష్ట్రంలో కూడా నదికి ఇవతల, అవతల వేర్వేరు ‘ఏరియాలు’ ఉండేవన్నది గమనార్హం. 1973 నాటి ఆరు సూత్రాల పథకాన్ని అనుసరించి 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. దాని ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లా ఉస్మానియా ఏరియాలోకి, కర్నూలు జిల్లా శ్రీ వేంకటేశ్వర ఏరియాలోకి వచ్చాయి. 85 శాతం సీట్లు స్థానికులకు, మిగతా 15 శాతం అందరికీ. అయితే ఆ ఉత్తర్వులో ఒక వెసులుబాటు ఉండేది. వరుసగా నాలుగేళ్ల చదువు ఒకేచోట కుదరకపోతే ఏడేళ్ల చదువును లెక్కలోకి తీసుకునేవారు. ఆ ఏడేళ్లలో ఎక్కువకాలం ఎక్కడ చదివితే అక్కడి స్థానికుడే. ఆరు నుండి పది వరకు అలంపురంలో, ఇంటర్ కర్నూలులో చదివినా ఐదేళ్లు ఇక్కడివే గనుక పిల్లవాడికి నష్టం ఉండేది కాదు. అందుకే తల్లిదండ్రులు నిశ్చింతగా పిల్లలను నది దాటించారు.

మారిన నిబంధన

రాష్ట్ర విభజన చట్టంలోని 95వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి ప్రవేశాల పద్ధతి పదేళ్లు కొనసాగి 2024 జూన్ 2తో ముగిసింది. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం 33వ నంబరు జీవో జారీచేసింది. దీని ప్రకారం వైద్య విద్యలో స్థానిక కోటా సీటు కావాలంటే తొమ్మిది నుండి ఇంటర్ రెండవ సంవత్సరం వరకు నాలుగేళ్లూ వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలి. ఏడేళ్ల లెక్క పోయింది.

దీనిపై పలువురు విద్యార్థులు హైకోర్టును ఆశ్రయించగా, తెలంగాణ శాశ్వత నివాసులకు ఈ నిబంధన వర్తింపజేయరాదని 2024 సెప్టెంబరులో హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టుకెక్కిన 135 మందికి మాత్రం ఆ ఒక్క సంవత్సరానికి అవకాశం ఇచ్చారు. చివరకు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధనను సమర్థించింది. కోర్టు వ్యవహారం అంతటితో ముగిసింది. ఇక ఏదైనా మార్పు రావాలంటే ప్రభుత్వమే తలచుకోవాలి.

సొంత జిల్లాలోనే పరాయివాడు

పాలమూరు ప్రాంతానికి ఇటీవల వైద్య కళాశాలలు వచ్చాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు డాక్టరు చదువంటే హైదరాబాదో, కర్నూలో పోవలసిన స్థితి నుండి గడప ముందుకే కళాశాల రావడం సంతోషించదగ్గ విషయమే. కాని కర్నూలులో ఇంటర్ చదివిన గద్వాల పిల్లవాడికి, గద్వాల వైద్య కళాశాలలోని స్థానిక కోటాలో చోటు లేదు. ఎక్కడో ఆదిలాబాదులో చదివినవాడు గద్వాల కళాశాలకు స్థానికుడు. ఆ కళాశాల గేటు ముందునుంచి రోజూ నడిచే ఊరివాడు స్థానికుడు కాడు. ఇదెక్కడి న్యాయమని తల్లిదండ్రులు వాపోతున్నారంటే తప్పు పట్టలేము.

ఇదే నిబంధనలో ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఇచ్చారు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగి రాష్ట్రం బయట పనిచేసినందువల్ల అతని బిడ్డ బయట చదివితే స్థానికుడిగానే పరిగణిస్తారు. సైన్యంలో ఉన్నవారి పిల్లలకూ ఈ సదుపాయం ఉంది. ఇది సమంజసమే. మరి పాలమూరు కూలీ మాటేమిటి? బొంబాయి, పూణేలకు మట్టిపనికి, తట్టపనికి వలస వెళ్లే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లవాడు అక్కడి బడిలో చదివితే అది అతని తప్పా? కొలువుకోసం రాష్ట్రం దాటినవారి బిడ్డకు ఉన్న హక్కు, కూటికోసం రాష్ట్రం దాటినవారి బిడ్డకు లేకపోవడం శోచనీయం.

రాయచూరు వైపు కూడా ఇంతే

రాయచూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, వైద్య కళాశాల ఉంది. 2013లో గద్వాల-రాయచూరు రైలుమార్గం పూర్తయ్యాక ప్రయాణమూ సులువైంది. కాని కర్ణాటక ప్రభుత్వ కోటా సీటుకు ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలన్నది అక్కడి సాధారణ నిబంధన. పైగా 371-జె అధికరణం కింద రాయచూరు తదితర జిల్లాలవారికి ప్రత్యేక రిజర్వేషన్ ఉంది. 1956కు ముందు మనమూ ఆ జిల్లావాళ్లమే అయినా, ఇప్పుడు ఆ హక్కు మనకు రాదు. చివరికి మన పిల్లవాడికి మిగిలేది డబ్బు పెట్టి కొనుక్కునే సీటే. విత్తన పత్తి మీద తెచ్చిన అప్పు ఒక పక్క, కళాశాల ఫీజు ఒక పక్క. రైతు ఏది కట్టగలడు?

బస్సుల సంగతి మరీ విచిత్రం. కర్ణాటకలో 2023 జూన్ నుండి, తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి ఆడవారికి ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. మూడు రాష్ట్రాలలోనూ ఉచితమే. కాని ఎవరి ఉచితం వారి హద్దు వరకే. అలంపురం నుండి కర్నూలుకు చదువుకోబోయే ఆడపిల్లకు తెలంగాణ బస్సులో పుల్లూరు వరకు ఉచితం, వంతెన దగ్గర నుండి టిక్కెట్టు. అవతలి రాష్ట్రం బస్సు ఎక్కితే ఆధార్ కార్డులో తెలంగాణ అడ్రసు చూసి పైసలు అడుగుతారు.

నిబంధన ఎందుకు వచ్చిందో మరువరాదు

అయితే స్థానిక నిబంధనే వద్దనడం సరికాదు. సీట్లు, ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయన్న ఆవేదనతోనే 1969లో తెలంగాణ విద్యార్థులు రోడ్డెక్కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. ఇటువంటి వెనుకబడిన జిల్లాల పిల్లలు పట్టణాల కోచింగ్ పిల్లలతో సమానంగా పోటీపడలేరు. వారికి రక్ష కావాలి. ఆ రక్షే స్థానిక నిబంధన. దొంగ నివాస పత్రాలతో సీట్లు కాజేయకుండా చదువునే కొలబద్దగా పెట్టారన్న వాదనలోనూ బలముంది.

కాని ఎవరి కోసం కంచె వేశారో వారినే ఆ కంచె బయట నిలబెట్టడం న్యాయం కాదు. మినహాయింపు ఇస్తే దుర్వినియోగం అవుతుందన్న భయం ఉంటే పరిశీలనకు మార్గాలు లేకపోలేదు. పదవ తరగతి వరకు ఇక్కడి బడిలో చదివిన రికార్డు ఉంటుంది. తండ్రి పేర పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. రేషన్ కార్డు ఉంటుంది. ఉపాధి హామీ జాబ్ కార్డు ఉంటుంది. తహసీల్దారు తలచుకుంటే అసలు ఏదో, నకిలీ ఏదో తేల్చడం పెద్ద పని కాదు.

ఇంజనీరింగు ప్రవేశాలకు 2025లో ఇచ్చిన ఉత్తర్వులో తల్లిదండ్రులు పదేళ్లు తెలంగాణలో నివసించి ఉంటే 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు పోటీ పడవచ్చునన్నారు. అంటే నివాసాన్ని లెక్కలోకి తీసుకోవడం ప్రభుత్వానికి కొత్త కాదు. పొరుగున ఉన్న కర్ణాటక తన సరిహద్దు అవతల ఉన్న కన్నడ మాతృభాష పిల్లలకు ‘గడినాడు కన్నడిగ’ పేరుతో ప్రత్యేక నిబంధన పెట్టింది. వారు తమ రాష్ట్రం బయటి పిల్లలనే ఆదుకుంటుండగా, మన రాష్ట్రంలో ఇల్లున్న పిల్లలను మనం ఆదుకోలేమా?

చేయవలసినవి

సరిహద్దు మండలాల్లో స్థిరనివాసం ఉండి, పదవ తరగతి వరకు ఇక్కడే చదివి, ఆనుకుని ఉన్న కర్నూలు, రాయచూరులలో ఇంటర్ చదివినవారిని స్థానికులుగా గుర్తించాలి. వలస కూలీల పిల్లలకూ ఉద్యోగుల పిల్లలతో సమానంగా మినహాయింపు ఇవ్వాలి. మూడు రాష్ట్రాల ఆర్టీసీలు కూర్చుని విద్యార్థుల పాసు నదికి అటూ ఇటూ చెల్లేలా ఒప్పందం చేసుకోవాలి.

అసలు పిల్లలు నది దాటవలసిన అవసరమే లేకుండా చేయడం అన్నిటికంటే ముఖ్యం. సరిహద్దు మండలాల జూనియర్ కళాశాలల్లో సైన్సు అధ్యాపకుల పోస్టులు ఖాళీగా ఉంచకుండా, ప్రయోగశాలలు, హాస్టళ్లు ఏర్పాటుచేసి, నీట్ శిక్షణ అక్కడే ఇప్పిస్తే కర్నూలు వెళ్లేదెవరు? గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలోని పాలమూరు యూనివర్సిటీ పీజీ కేంద్రాల్లో కోర్సులు పెంచితే పై చదువులకూ దారి దొరుకుతుంది.

ఇవన్నీ జరిగేలోగా తల్లిదండ్రులు కూడా మేల్కొనవలసి ఉంది. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఈ నాలుగూ తెలంగాణలో చదివితేనే వైద్య విద్యలో స్థానికత అన్న సంగతి చాలా గ్రామాల్లో తెలియదు. సీటు పోయాక తెలుసుకుని లాభం లేదు. ఎనిమిదవ తరగతిలోనే ప్రతి ఉన్నత పాఠశాలలో ఈ విషయం చెప్పాలి. గ్రామ పంచాయతీ గోడ మీద రాయించాలి. దీనికి ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు.

నది దాటి చదవడం ఈ గడ్డకు నామోషీ కాదు. గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి పుట్టింది నడిగడ్డలోని బోరవెల్లిలో. ఆయన చదువుకోసం వెళ్లింది, ఆనాడు బ్రిటిషు పాలనలో ఉన్న కర్నూలుకు, మద్రాసుకు. నిజాం హద్దు దాటి చదివి వచ్చి, తెలంగాణ అంతటికీ అక్షరం పంచారు. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టి గౌరవించింది. హద్దు దాటి చదివిన ఆయన పేరు విశ్వవిద్యాలయానికి పెట్టుకున్న ప్రభుత్వం, అదే నడిగడ్డ నుండి అదే కర్నూలుకు చదువుకోబోయిన పిల్లలను నాన్‌లోకల్ అనడం తగునా? వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడేలోగా ప్రభుత్వం ఈ విషయమై సానుభూతితో ఆలోచించాలి. ఈ ప్రాంత శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు పార్టీలకు అతీతంగా ఒక్కమాట మీద నిలిచి నడిగడ్డ పిల్లల గోడు ముఖ్యమంత్రి దృష్టికి తీసుకువెళ్లాలి.