తల్లులు చూడాల్సిన కట్టడం

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి వెళ్ళొచ్చిన వాళ్ళు చూపించే ఫోటోలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. పెద్ద చర్చి గుమ్మటం, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్, నది మీద నగల దుకాణాలున్న పాత వంతెన. అన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ ఆ గుమ్మటానికి పది నిమిషాల నడకలో ఉన్న 'ఇన్నొచెంతి'ని చూడకుండా తిరిగొస్తే, ముఖ్యంగా మనం ఆడవాళ్ళం, ఆ ఊరిని సగమే చూసినట్టని నా అభిప్రాయం.

ఇన్నొచెంతి అంటే అమాయకులు. కన్నవాళ్ళు వదిలేసిన పసిగుడ్డుల కోసం పట్టు వర్తకుల సంఘం 1419లో కట్టడం మొదలుపెట్టిన ఇల్లది. దాని నమూనా ఎవరిదనుకున్నారు? ఆ పెద్ద గుమ్మటం కట్టిన బ్రూనెలెస్కీదే! సన్నటి రాతి స్తంభాల మీద తొమ్మిది కమానులు ఏ ఆర్భాటమూ లేకుండా వరుసగా నిలబడి ఉంటాయి. వాటి మధ్య నీలిరంగు గుండ్రటి పలకల్లో పొత్తిగుడ్డలు చుట్టిన పాపల బొమ్మలు. 1487 ప్రాంతంలో ఆంద్రేయా దెల్లా రొబ్బియా మట్టితో చేసి కాల్చినవి. దిక్కులేని పిల్లలకి ఏదో ఒక పాక చాల్లే అనుకోకుండా, ఊళ్ళోకెల్లా గొప్ప పనివాణ్ణి పిలిచారు చూడండి, అదీ నాకు నచ్చింది.

అయితే ఆ అందానికి మురిసిపోయి వచ్చేస్తే చాలదు. 1445 ఫిబ్రవరి 5న అక్కడికి చేరిన మొదటి బిడ్డ ఆడపిల్ల. ఆగాత అని పేరు పెట్టారు. ఆ కాలంలో అక్కడికి చేరినవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. ఆశ్చర్యమేముంది? కూతుళ్ళ కట్నాల కోసం డబ్బు దాచుకోవడానికి 1425లో నగర ప్రభుత్వమే ఒక నిధి పెట్టిన ఊరది! ఇళ్ళల్లో చాకిరీ చేసే బానిస స్త్రీలకు యజమానుల వల్ల కలిగిన బిడ్డలూ అక్కడికే చేరారు.

ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. బిడ్డతో పాటు తల్లులు వదిలివెళ్ళిన గుర్తులు అందులో దాచారు. సగానికి విరిచిన పతకాలు, పూసలు. మిగతా సగం తల్లి దగ్గర ఉండేది, ఎప్పటికైనా వచ్చి బిడ్డను పోల్చుకోవచ్చన్న ఆశతో. బిడ్డల్ని వదిలే కిటికీని 1875లో మూసేశారు.

కట్టినవాడి పేరు చరిత్రకెక్కింది. ఆ తల్లుల్లో ఎంతమంది పేర్లు మిగిలాయి? గుమ్మటం ఎక్కడానికి ఒక పూట పెట్టుకునేవాళ్ళు ఆ సగం పతకాల ముందు ఒక గంట నిలబడండి. ఎదిగిన పిల్లలుంటే వాళ్ళనీ, మగపిల్లలతో సహా, వెంట తీసుకెళ్ళండి.